మస్టరులో పేరు, గాయానికి పరిహారం

2023 నవంబరు 29 తెల్లవారుజామున సూరత్ శివారులోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక రసాయన కర్మాగారం పేలుడుకూ, అగ్నికీ ఆహుతి అయింది. మరునాడు ఆ శిథిలాలలో ఏడుగురి మృతదేహాలు లభించాయి. వారిలో కంపెనీ ఉద్యోగి ఒక్కడే. తక్కిన ఆరుగురూ కాంట్రాక్టు కార్మికులు. అంతకు రెండేళ్ళ లోపే, 2022 జనవరి 6న, అదే పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుండి అక్రమంగా పారబోస్తున్న రసాయనాల విషవాయువు సోకి ఆరుగురు మరణించారు. ఆ మృతవీరులకు జోహార్లర్పిస్తూ, వారి మరణాలు మన ముందుంచిన ప్రశ్నను ఈ సంచికలో పాఠకుల దృష్టికి తెస్తున్నాము. పనిలో దెబ్బతిన్న కార్మికునికి పరిహారం ఎవరివ్వాలి? ఎప్పుడివ్వాలి? ఏ సాక్ష్యంపై ఇవ్వాలి?

ఏడుగురు ఒక్కసారిగా మరణిస్తే పత్రికలు వ్రాస్తాయి, మంత్రులు సంతాపం తెలుపుతారు. ఒక నేత కార్మికుని వ్రేలు తెగినప్పుడు వ్రాసేవారెవరు? కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు జిల్లాల నుండి తరలివెళ్ళిన వేలాది తెలుగు కుటుంబాలు సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో నివసిస్తున్నాయి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలు నడపవలసి వచ్చిందంటే ఆ వలస ఎంతటిదో ఊహించవచ్చు. సాంచాల మీద పన్నెండేసి గంటలు నిలబడే ఆ కార్మికులలో అధికులకు నియామక పత్రం లేదు, మస్టరులో పేరు లేదు. ఒకే కప్పు క్రింది మగ్గాలను పలు పేర్లతో విడగొట్టి, పదిమంది కార్మికులు లేరని చూపి, ఇ.ఎస్.ఐ. బాధ్యత తప్పించుకొనే యజమానులున్నారు. గాయపడినవానికి కట్టు కట్టించి, చేతిలో కొద్దిపాటి సొమ్ము పెట్టి, ఊరికి రైలెక్కిస్తే వ్యవహారం ముగిసినట్లే!

ముగిసిందని చట్టం మాత్రం అంగీకరించదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. యజమాని తప్పును రుజువు చేయవలసిన అవసరం లేకుండానే, పని మూలాన, పని కాలంలో కలిగిన గాయానికి అతనే బాధ్యుడన్నది దాని మూలసూత్రం. కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకున్నా అసలు యజమాని బాధ్యత నుండి తప్పుకోజాలడు. హక్కు వదులుకున్నట్లు వ్రాయించుకున్న కాగితం చెల్లదు. నెలలోగా చెల్లించకుంటే ఏటా నూటికి 12 వంతున వడ్డీ, సరియైన కారణం లేని జాప్యానికి పరిహారంలో సగం వరకు అదనపు సొమ్ము పడుతుంది.

ఈ హక్కు విలువ ఎంతో లెక్క వేసి చూడండి. శాశ్వతంగా పూర్తి అశక్తుడైనవానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరిలో నిర్ణయించిన 15,000 రూపాయల వేతన పరిమితి ప్రకారం ముప్పది ఏళ్ళ కార్మికునికి గుణకం 207.98. పరిహారం 18,71,820 రూపాయలు. బొటనవ్రేలు పోయినచో చట్టంలోని పట్టిక ప్రకారం నష్టం 30 శాతం, అనగా 5,61,546 రూపాయలు. చేతిలో నాలుగు నోట్లు పెట్టి పంపివేసిన యజమాని ఎంత మిగుల్చుకున్నాడో దీనిని బట్టి తెలియగలదు.

పట్టికయే తుదిమాట కాదు. ఎడమచేయి మోచేతికి పైన తెగిపోయిన ఒక వడ్రంగి వ్యాజ్యంలో, అతడు మరి వడ్రంగం చేయజాలడు గనుక సంపాదనాశక్తి నష్టం నూటికి నూరు అన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో సమర్థించింది. పరిహారం చెల్లించే బాధ్యత ప్రమాదం జరిగిన నాటి నుండే ఏర్పడుతుందనీ చెప్పింది. తెగిన పోగు ముడివేయలేని నేతగాని విషయంలో కూడా చూడవలసినది పోయిన అవయవాన్ని మాత్రమే కాదు, పోయిన వృత్తిని.

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా! ఇది మనకు సంబంధించని విషయమని భావించవద్దు. కార్యాలయాలలో శాశ్వతోద్యోగులు కాని రైల్వే సిబ్బందిని 1923 చట్టమే తన రక్షణలోకి తీసుకుంది. ఆర్.ఎం.ఎస్. మెయిల్ గార్డు, సార్టరు, వ్యాన్ ప్యూన్‌లను, బయట తిరిగి పని చేసే తపాలా సిబ్బందిని దాని రెండవ షెడ్యూలు పేర్కొన్నది. రైల్వేతో ఒప్పందం కుదుర్చుకున్న కాంట్రాక్టరు క్రింద పని చేసేవానిని సైతం విడువలేదు. తరువాతి కాలంలో ఉద్యమాల ఫలితంగా శాశ్వతోద్యోగికి మరికొన్ని రక్షణలు లభించాయి. విధి నిర్వహణలో ప్రమాదవశాత్తు మరణిస్తే కుటుంబానికి 25 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉన్నది. సర్వీసులో అంగవైకల్యం ప్రాప్తించినవానిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, అదే వేతన శ్రేణిలో వేరొక పని చూపాలనీ 2016 వికలాంగుల హక్కుల చట్టం శాసిస్తున్నది.

అయితే మన ప్రక్కనే ట్రాక్ మీద పలుగు పట్టిన కాంట్రాక్టు కూలీకి సర్వీసు రిజిస్టరు ఎక్కడ? ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పదవులలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు ప్రకటించినప్పటికీ, నేటి గ్రామీణ డాక్ సేవకునికి శాఖోద్యోగికున్న పెన్షను రక్షణ లేదు. ఒకే పట్టా ప్రక్కన, ఒకే సంచి క్రింద ఇద్దరికీ ఒకే గాయమైతే రెండు రకాల న్యాయమా? సచిన్ శిథిలాలలోని ఆరుగురికీ, మన యార్డులోని కాంట్రాక్టు కూలీకీ తేడా ఊరి పేరే తప్ప మరేమీ లేదు.

2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి 1923 చట్టం స్థానాన్ని ఆక్రమించింది. నాలుగు లేబర్ కోడ్‌లపై కార్మికోద్యమానికున్న తీవ్ర అభ్యంతరాలు యథాతథంగా ఉన్నవి. అంతమాత్రాన చేతనున్న ఆయుధాన్ని జారవిడువరాదు. పరిహార సూత్రాలు ఆ స్మృతి ఏడవ అధ్యాయంలో నిలిచి ఉన్నవి. ఇంటి నుండి పనికి, పని నుండి ఇంటికి ప్రయాణంలో జరిగే ప్రమాదం, పనితో దానికి సంబంధం రుజువైనచో, పనిలో జరిగినదిగానే పరిగణింపబడుతుంది. పాత చట్టం క్రిందనూ ఇదే అన్వయం చెల్లునని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. రాత్రి డ్యూటీకి వెళ్ళే ప్రతి ఉద్యోగీ గుర్తుంచుకోవలసిన అంశమిది.

హక్కు గ్రంథంలో ఉంటే చాలదు, సాక్ష్యం చేతిలో ఉండాలి. కనుక ప్రతి శాఖా కమిటీ కొన్ని పనులు వెంటనే చేపట్టాలి. తన పరిధిలోని కాంట్రాక్టు కార్మికుల పేర్లు, కాంట్రాక్టరు పేరు, వేతనం ఒక పుస్తకంలో నమోదు చేయాలి. చిన్న గాయమైనా ఆనాడే ప్రమాద రిజిస్టరులో ఎక్కించి, ఆసుపత్రి చీటీలో ‘పనిలో తగిలిన దెబ్బ’ అని వ్రాయించాలి. యజమానికి వ్రాతపూర్వకంగా నోటీసు పంపి రసీదు దాచాలి. తెల్ల కాగితంపై వ్రేలిముద్ర వేయవద్దని చెప్పాలి. సూరత్ నుండి కట్టుతో దిగిన తమ్ముడు మన స్టేషనులోనే దిగుతాడు, అతని ఇంటికి ఉత్తరం చేర్చేది మన చేతులే. ‘అన్నా, నీ దెబ్బకు లెక్క ఉన్నది’ అని అతనితో చెప్పగల మొదటి మనిషి మనమే కావాలి.

మస్టరులో లేని పేరును సంఘం పుస్తకంలోనైనా వ్రాద్దాం. ఆ పుస్తకమే రేపు న్యాయస్థానంలో సాక్ష్యం చెబుతుంది.