మందు కొట్టే ముందు ఒక్క వారం ఆగండి

ఈ వారం నేను నేర్చుకున్న మాట: బదనిక. చెట్టు కొమ్మ మీద పెరిగి, ఆ చెట్టునే పీల్చి బతికే మొక్క అది. మన వ్యవసాయ పుస్తకాల్లో పురుగుల మీద బతికే చిన్న కందిరీగలను కూడా బదనికలనే అంటారు.

మస్కట్‌లో మా బాల్కనీలో ఒక నిమ్మ మొక్క ఉంది. ఊరగాయ కోసం అమ్మ పెంచుతోంది. మార్చిలో దాని మీద ఐదు గొంగళి పురుగులు కనిపించాయి. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. ఇవి మొదట పిట్ట రెట్టలా ఉంటాయి, పెద్దయ్యాక పచ్చగా మారతాయి. నాలుగు పచ్చబడ్డాయి. ఒకటి మాత్రం చిన్నగానే ఉండిపోయింది.

"దానికేదో జబ్బు చేసిందే. అన్నిటికీ కలిపి మందు కొట్టేస్తా," అంది అమ్మ.

"రెండు రోజులు ఆగమ్మా," అన్నాను. మూడో రోజు ఆ పురుగు పక్కన తెల్లటి చిన్న గూడు కనిపించింది. జబ్బు కాదు, బదనిక పని!

తల్లి కందిరీగ గొంగళి పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. కొన్ని జాతుల్లో గుడ్డుతో పాటు ఒక వైరస్ కూడా లోపలికి వెళ్తుంది. అది పురుగు రోగనిరోధక శక్తిని అణచేస్తుంది, ఎదుగుదలను మార్చేస్తుంది. మన శనగ చేలలో శనగపచ్చ పురుగును పట్టే కాంపొలెటిస్ క్లోరిడే ఇలాంటిదే. ఒక పురుగులో ఒక్క పిల్లే పెరుగుతుంది. ఆ పురుగు తక్కువ తిని, చిన్నగా ఉండగానే చస్తుంది.

అన్నీ ఇలాగే ఉండవు. క్యాబేజీ పురుగులో కోటీసియా గ్లొమెరాటా పిల్లలు గుంపుగా పెరుగుతాయి. ఆ పురుగు కొన్నిసార్లు మామూలు కన్నా ఎక్కువే తింటుంది. కాబట్టి "కందిరీగ వస్తే ఆకులు మిగులుతాయి" అనేది సగం నిజమే. అసలు లాభం తర్వాతి తరంలో ఉంది. ఆ పురుగు సీతాకోకచిలుక అవ్వదు, గుడ్లు పెట్టదు. దాని బదులు కొత్త కందిరీగలు పుడతాయి. మనం మందు కొడితే అవి కూడా లోపలే చస్తాయి.

అందుకే నా అభిప్రాయం ఇది. కుండీలో మొక్కకు మందు అక్కర్లేదు. బాగా తినే పురుగులను చేత్తో ఏరేయండి. ఎదగని దాన్ని మాత్రం వదిలేయండి. పంట మీదే బతికే రైతుకు ఇలా చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ మన బాల్కనీలో పోయేది నాలుగు ఆకులే కదా!

మందు సీసా ఇంకా అలమారాలోనే ఉంది. అమ్మ ఇప్పుడు రోజూ ఆ గూడు చూసి వస్తోంది.