ఎండిన సరస్సుకు పటమే సాక్షి

పాత భూపటాన్ని కాలం చెల్లిన కాగితంగా తీసిపారేయడం మనలో చాలామందికి అలవాటు. నా అభిప్రాయం వేరు. కొన్ని నేలల గురించి కొత్త పటం చెప్పని సంగతి పాత పటమే చెబుతుంది.

అమెరికాలోని నెవాడా రాష్ట్రపు ఎత్తైన ఎడారినే చూడండి. అక్కడి నదులు సముద్రాన్ని చేరవు. టాహో సరస్సు నుండి వెలువడే ట్రకీ నది పిరమిడ్ సరస్సులో కలిసి ముగిసిపోతుంది. ఒకప్పుడు మిగులు నీరు తూర్పున కొండల అవతలనున్న విన్నెముకా సరస్సుకు చేరేది.

ఎత్తుపల్లాలను గీతలతో చూపే తన పాత పటాలను అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. 19వ శతాబ్ది చివరినాటి పటంలో ఈ సరస్సులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేడు ఒక్కదానిలోనే నీరుంది. రెండవచోట పేరు మిగిలింది.

నడుమ జరిగినదేమిటి? 1905లో ట్రకీపై డెర్బీ ఆనకట్ట కట్టి, సాగు కోసం నీటిని వేరొక నది పరీవాహకానికి మళ్ళించారు. 1936లో విన్నెముకాను వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించారు. ఆ దశాబ్దం చివరికే అది ఎండిపోయింది. 1962లో ఆ హోదానూ తొలగించారు. పిరమిడ్ నీటిమట్టం 1960ల నాటికి సుమారు 80 అడుగులు పడిపోయింది. నదీముఖాన మేట వేసిన ఇసుక అడ్డుపడి, మరెక్కడా లేని క్వీవీ చేప గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదలేకపోయింది. ఆ చేపను తినేవారమనే అర్థంలో తమను తాము పిలుచుకొన్న పయూట్ ప్రజలకు ఇది ఎంతటి దెబ్బో వేరే చెప్పనక్కరలేదు.

ఎడారి సరస్సులు మంచు కురిసిన ఏడు పొంగి, కురవని ఏడు కుంగుతాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. పైగా పటాలు అబద్ధాలూ ఆడాయి. 19వ శతాబ్ది తొలినాళ్ళ పటాలలో ఈ ప్రాంతం మీదుగా పసిఫిక్ వైపు పారే బ్యూనవెంచురా అనే నది ఉండేది. 1844లో పిరమిడ్ సరస్సుకు ఆ పేరు పెట్టిన ఫ్రీమాంట్ యాత్రతో అటువంటి నదే లేదని తేలింది. కనుక ఏ ఒక్క పటాన్నీ నమ్మమని నేననను. సర్వే చేసి గీసినవాటిని ఏళ్ళ వరుసలో పేర్చి చూడమంటాను. అప్పుడు నీరు తగ్గడంతోపాటు నది నుండి చీలిన కాలువ గీత కూడా కంటబడుతుంది. ఆ గీతను వానలు, మంచు గీయలేదు.

1990 నాటి నీటిహక్కుల చట్టం పిరమిడ్‌కు కొంత ఊరట కలిగించింది. విన్నెముకాకు ఆ భాగ్యం లేదు.

'ఎడారిలో నీరెక్కడిది?' అని తేలికగా అనేవారికి ఈ పటాలే జవాబు. చరిత్ర పాఠం చెప్పే ప్రతి తరగతి గదిలోనూ రాజుల పట్టికల పక్కన ఇటువంటి రెండు పటాలను వేలాడదీయాలని నా కోరిక. మిత్రులేమంటారు?