గృహభద్రత: రెసిన్ వాసన – ముక్కు చెప్పునది, చెప్పలేనిది

ఓడలు, విమానములు, రైలుబండ్ల చిన్న నమూనాలు తయారుచేయు అభిరుచి మన ఉద్యోగుల పిల్లలలోనే గాక, పదవీ విరమణ చేసిన మిత్రులలో కూడ కనిపించుచున్నది. ప్లాస్టిక్ కిట్లతో తృప్తి చెందనివారు రెసిన్ భాగములు కొని అతికించుచున్నారు. మరికొందరు ఇంటివద్దనే అచ్చులలో పోసుకొనుచున్నారు. మెచ్చదగిన అభిరుచియే. అయితే ఆ భాగముల నుండి రోజుల తరబడి వెలువడు ఘాటు వాసన ఇంటిల్లిపాదికీ సమస్య అగుచున్నది. మేము నివసించు పుదుచ్చేరి నెల్లితోపు వంటి పేటలలో ఇండ్లు దగ్గర దగ్గరగా ఉండును. ఈశాన్య ఋతుపవనముల వేళ, అక్టోబరు నుండి డిసెంబరు వరకు, వానకు కిటికీలు మూసినచో ఆ వాసన గదిలోనే నిలిచిపోవును.

చాలమంది చేయు మొదటి పని అగరువత్తి వెలిగించుట. ఇది రెండు విధముల తగదు. మొదటిది, వాసన మరుగుపడునే గాని దానికి కారణమైన ఆవిరి తొలగదు. రెండవది, రెసిన్ ఆవిరి మండు స్వభావము కలది.

పాలియెస్టర్ రెసిన్ వాసన స్టైరీన్ అను ద్రవము వలన కలుగును. సముద్రతీరమున ఫైబర్ పడవలకు మరమ్మతు చేయుచోట వచ్చు వాసన ఇదియే. 31 డిగ్రీల సెల్సియస్ వద్దనే దీని ఆవిరి నిప్పు తగిలిన అంటుకొనగలదు. మన వేసవిలో గది ఉష్ణోగ్రత అంతకు మించియే ఉండును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము ఆర్.ఆర్. వెంకటాపురములో పాలిమర్ కర్మాగారపు ట్యాంకు నుండి వెలువడి పన్నెండుమందిని బలిగొన్నది ఈ స్టైరీన్ ఆవిరియే. ఇంటిలోని డబ్బాకు ఆ ట్యాంకుతో పోలిక లేదు. కాని పదార్థము ఒకటే అని మరువరాదు.

చిన్న లెక్క చూడుడు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో సుమారు 28 ఘనమీటర్ల గాలి ఉండును. గాలి కదలని ఆ గదిలో 6 గ్రాముల స్టైరీన్, అనగా చెంచాడుకు కొంచెము ఎక్కువ, ఆవిరియైనచో గాలిలో దాని పాలు పది లక్షలకు 50 అగును. మన 1948 నాటి కర్మాగారముల చట్టము ఎనిమిది గంటల పనికి విధించియుండిన పరిమితి ఇదియే. పాలియెస్టర్ రెసిన్‌లో సాధారణముగా మూడవ వంతుకు పైగా స్టైరీన్ ఉండును. కావున ఈ పోతపని పడకగదిలో చేయుట ఎంతమాత్రము తగదు.

స్టైరీన్ విషయమున ముక్కు మంచి కాపలాదారు. చాల తక్కువ పాలు ఉన్నపుడే వాసన తెలియును. అయితే కొంతసేపటికి ముక్కు అలవాటుపడును. పనిచేయువాని మాట కంటె బయటనుండి వచ్చినవారి మాటను నమ్మవలెను.

పాలియూరిథేన్ రెసిన్ సంగతి వేరు. దాని రెండు సీసాలలో ఒకదానియందు ఐసోసయనేట్ ఉండును. ఇది 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ కాదు. అంత సులభముగా ఆవిరికాదు. కాని ఒకసారి శరీరమునకు పడకపోయినచో, తరువాత లేశమాత్రము సోకినను ఉబ్బసము రాగలదు. దీనికి వాసన దాదాపు లేదు. ఇచ్చట ముక్కును నమ్ముట ప్రమాదకరము. త్రీడీ ప్రింటరులో వాడు రెసిన్ గట్టిపడకమునుపు చర్మమునకు తగిలినచో ఎలర్జీ కలిగించగలదు. చేతితొడుగులు తప్పనిసరి.

ఇక నివారణోపాయములు.

వాసన తగ్గకుండుటకు సాధారణ కారణము రెసిన్ పూర్తిగా గట్టిపడకపోవుటయే. హార్డెనర్‌ను అంచనాతో గాక తూకముతో, తయారీదారు చెప్పిన పాళ్లలో కలుపవలెను. పాలియెస్టర్‌కు వాడు కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, హార్డెనర్‌ను నేరుగా ఒకదానితో నొకటి ఎన్నడును కలుపరాదు. పేలుడు సంభవించును. హార్డెనర్ చుక్క కంటిలో పడినచో చూపు పోగలదు. కంటి అద్దములు ధరించవలెను.

అచ్చు నుండి తీసిన భాగములను సబ్బునీటితో కడిగి, వెచ్చగా గాలి ఆడుచోట కొన్ని దినములు ఉంచవలెను. పలుచని భాగములు వంగకుండ బల్లపరుపుగా పరచవలెను. ప్రింటరు భాగములను కడిగి, ఆరిన పిదప ఎండలో ఉంచవలెను. కడిగిన ద్రవమును కాలువలో పోయరాదు. వంటకు వాడు ఓవెన్‌లో ఏ భాగమును పెట్టరాదు.

గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక పక్క, తెరచిన కిటికీ మరొక పక్క ఉండవలెను. గాలి పనివాని వెనుకనుండి వచ్చి బల్లమీదుగా బయటకు పోవలెను. గుడ్డముసుగు ఆవిరిని ఆపలేదు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ గల ముసుగు కావలెను. గరుకుకాగితముతో రుద్దునపుడు తడిపి రుద్దినచో ధూళి లేవదు.

గర్భిణులు, పసిపిల్లలు, ఉబ్బస రోగులు ఉన్న ఇంటిలో రెసిన్ పోతపోయుట మానుట ఉత్తమము. పూర్తిగా గట్టిపడిన భాగములు కొని కూర్చుకొన్నను నమూనా అందమునకు కొరత రాదు. పది దినములు ఆరబెట్టినను ఘాటు తగ్గని భాగమును ఇంటిలో ఉంచకుడు. అది ఎంత చక్కగా కుదిరినను సరే.