జానెడు నీళ్లు

ఫాల్గుణం వచ్చిందంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనం, ఆటపాకకు కెమెరాలు బయల్దేరతాయి. వెళ్లండి, చూడాల్సిందే. కైకలూరు దాటగానే చెరువు, పడవలు, ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్లు. స్టాండ్ల కడ్డీలు రెట్టలతో సున్నం కొట్టినట్టుంటాయి. గాలి మనవైపు తిరిగితే ముక్కు మూసుకోక తప్పదు. ఈపాటికి పిల్లలు బాగానే ఎదిగి ఉంటాయి, అయినా సొంత సంపాదన మొదలుపెట్టవు. తల్లి వాలడం ఆలస్యం, ముక్కు కింది సంచిలోకి తల, మెడ దూర్చేసి లోపల కుమ్ముతాయి. తల్లే పిల్లను మింగేస్తోందేమోనని పక్క పడవలో ఒక పాప ఏడుపు లంకించుకుంది. వాళ్ల నాన్న వీడియో తీసుకోవడంలో ఉన్నాడు.

ఈ ఫొటోలు చూసే ఏటా ‘కొల్లేరు కోలుకుంది’ అనేస్తుంటారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

గూడబాతు చేపల పక్షి. చుట్టూ చేపల చెరువులున్నంతకాలం దానికి తిండికి ఢోకా లేదు. ఇల్లే మనం కట్టివ్వాల్సి వచ్చింది. 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఈ పక్షుల కాలనీని చూసి, 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. అప్పట్లో అవి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టేవి. ఆ తర్వాత ఆ చోటే వదిలేసి పోయాయి. ఇప్పుడు ఆటపాకలో ఇనుము మీద కాపురం పెట్టాయి. అటవీ శాఖ చేసిన మంచి పనుల్లో ఇదొకటి, కాదనను. కాకపోతే దీన్నిబట్టి తెలిసేది చేపల సంగతి, స్టాండ్ల సంగతి. సరస్సు సంగతి తెలియాలంటే ఫొటోకు పనికిరాని పిట్టల్ని చూడాలి.

ఉల్లంకుల్లో చిన్న రకం ఒకటుంది. బరువు పాతిక, ముప్పై గ్రాములు. చలికాలం మన దగ్గర గడిపి, గుడ్లు పెట్టడానికి సైబీరియా ఉత్తరపు కొసకు పోతుంది. వేసవి ముదిరేలోపు బయల్దేరాలి, ఆలోగా ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి. దారి పొడవునా దానికి అదే ఇంధనం. తినేది బురదలో పురుగుల్ని, కాళ్లు చూస్తే అంగుళం పొడవు. బురద మీద నీళ్లు పలచటి పొరగా ఉంటేనే దానికి కూడు. సూదితోక బాతుకు కొంచెం ఎక్కువ లోతున్నా ఫర్వాలేదు. తల కిందకు, తోక పైకి పెట్టి మెడ అందినంత మేర అడుగు వెతుక్కుంటుంది. అందినంత అంటే జానెడు, మహా అయితే మూరెడు. చేపల చెరువులో ఉండేది ఐదారు అడుగుల నీరు. వీటికది ఉన్నా లేనట్టే.

ఒకప్పుడు ఈ లోతుల లెక్క కొల్లేరే చూసుకునేది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీటితో ఉబ్బేది. పదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి పదడుగుల ఎత్తు గీత దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు. చలికాలం నుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి జారుకుంటూ కుంచించుకుపోయేది. అలా వెనక్కి తగ్గే అంచు వెంబడి రోజూ కొత్త బురద తేలేది, పిట్టలు దాని వెంటే నడిచేవి. చేపల చెరువుల గట్లు లేచాక ఆ అంచే లేదు. గట్టుకు ఇటు రోడ్డు, అటు లోతు. ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అంటూ గట్లు పేల్చారు, చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీటికి అడ్డుపడే ఈ గట్ల గురించి నాలుగు రోజులు గట్టిగానే మాట్లాడుకున్నాం. నీళ్లు తీశాయి, మాటలూ ఆగిపోయాయి.

చెరువుల వాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. 1970ల్లో సహకార సంఘాలు పెట్టించి లంక గ్రామాల వాళ్లకు చేపల చెరువుల దారి చూపింది ప్రభుత్వమే. ఆనక ఆ చెరువులు లీజుల మీద డబ్బున్న వాళ్ల చేతుల్లోకి పోయాయి. లంకల్లో మనిషి తన వాటా చెరువులోనే కూలికి దిగుతున్నాడు. గట్టు పేలిన రోజు ముందు పోయేది ఆ కూలే.

అభయారణ్యం లోపలి గట్ల సంగతి చట్టం చూసుకోవాలి. నేననేది ఐదో కాంటూరుకు బయట, పట్టా భూముల్లో ఉన్న చెరువుల గురించి. పట్టుబడి అయ్యాక వాటిని ఎండగడతారు కదా, పక్షుల్ని చూడాలంటే అప్పుడు చూడాలి. ఉల్లంకులు, తెల్లకొంగలు, నత్తగుల్ల కొంగలు ఎగబడి దిగుతాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను పైముక్కుతో బురదకు అదిమిపట్టి, కిందిముక్కు మొనను మూత పక్కనుంచి లోపలికి జొనిపి, పెంకు చిట్లకుండా కండను లాగేస్తుంది. ఇంత పనితనం చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు, గట్టు మీద కాసేపు ఓపిగ్గా కూర్చుంటే చాలు. కానీ రెండు మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ నీళ్లు పెట్టేస్తారు. పెట్టకేం చేస్తారు, చెరువు ఖాళీగా ఉన్న ప్రతి రోజూ రైతుకు నష్టమే.

ఆ నష్టం ప్రభుత్వం భరించాలి. మాఘం నుంచి చైత్రం దాకా ఊరికి కొన్ని చెరువులు చొప్పున, వంతులవారీగా జానెడు నీటితో ఉంచి, అన్నాళ్లకూ అద్దె కట్టాలి. ఇనుప స్టాండ్లకు దొరికిన డబ్బు బురదకు దొరకదా? అద్దె ఎంతన్నది అటవీ, మత్స్య శాఖలు రైతులతో కూర్చుని తేల్చుకోవచ్చు, కూలివాళ్ల వాటాతో సహా. ఈ ఏటికి ఎలాగూ ఆలస్యమైంది. కార్తీకంలో మాటలు మొదలుపెడితే మాఘానికి మొదటి చెరువు సిద్ధమవుతుంది.