మూడు సిలిండర్లూ ఒకే మాట చెప్పాయి



మన తెల్ల ఓమ్ని సంగతి చాలామంది అడుగుతున్నారు. బాగైంది. ఈ ఆదివారం మునుపటిలాగే మీ వీధుల్లోకి వస్తుంది. అయితే "దేవుని కృపతో బాగైంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే నేను సగమే చెప్పినవాడినవుతాను. మిగిలిన సగం నాకు సిగ్గు తెచ్చే సంగతి. అది కూడా మీకు తెలియాలి, ఎందుకంటే మీలో కొందరికి నేను ఒక అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు గాని, చెప్పింది మాత్రం అబద్ధమే.

ఓమ్ని గురించి తెలియని చిన్నవాళ్ల కోసం రెండు మాటలు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్ని పేరుతో 2019 దాకా తయారైన బండి అది. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, మారుతి 800లో ఉన్నలాంటిదే, 796 సీసీ, మూడు సిలిండర్లు. మనది పాత కార్బురేటర్ మోడల్. మొన్న ఎండల్లో హీటెక్కి హెడ్ గాస్కెట్ పోయింది. బయట ఇంజిన్ పని చేయిస్తే ఎంతవుతుందో అడిగి, కానుకల లెక్క చూసుకుని, నేనే చేస్తానన్నాను. బైబిల్ కాలేజీకి వెళ్లకముందు రెండేళ్లు ఒక షెడ్డులో స్పానర్లు అందించినవాడిని కదా, ఆ ధైర్యం. స్పానర్లు అందించడం వేరు, ఇంజిన్ కట్టడం వేరు అని అప్పుడు తోచలేదు.

పాస్టరేట్ వెనక వేపచెట్టు కింద ఇంజిన్ దింపాం. యువజన సంఘం తమ్ముడొకడు సాయం పట్టాడు. హెడ్డు ఒక్కటి ఆటోనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గరికి పంపాం. ఫేసింగ్ చేసి, వాల్వులు సీట్లలో కూర్చోబెట్టి ఇచ్చాడు. రింగులు, బేరింగులు, గాస్కెట్లు, టైమింగ్ బెల్టు అన్నీ మేమే వేశాం. శనివారం రాత్రి కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని మరీ బిగించాం. తెల్లవారితే ఆరాధన, బండి తీయాలి. ఆ తొందర ఒకటి గుర్తుపెట్టుకోండి.

బండి స్టార్ట్ అయింది. అందరం చప్పట్లు కొట్టాం. కానీ స్లోలో నిలబడలేదు. సీటు కింద ఎవరో దగ్గుతున్నట్టు వణుకు. ఫస్ట్ గేర్‌లో ఎత్తు ఎక్కడానికి పికప్ లేదు. విజయవాడ హైవే ఎక్కి వేగం అందుకుంటే మాత్రం కాస్త సర్దుకునేది. దాంతో ఇంజిన్ బాగానే ఉంది, కార్బురేటర్‌లోనే ఏదో ఉందనుకున్నాను. మూడుసార్లు విప్పి జెట్లు కడిగాను. ప్లగ్గులు కొత్తవి, పాయింట్లు కొత్తవి, కండెన్సర్ కొత్తది. ఒకటి మార్చడం, ప్రార్థన చేయడం, స్టార్ట్ చేయడం, నిట్టూర్చడం. బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించానని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. ఓమ్నిలో బానెట్ కింద ఇంజిన్ ఉండదు కూడా.

చివరికి డెల్కో కాస్త తిప్పి చూశాను. వణుకు కొంచెం తగ్గింది. హమ్మయ్య అనుకుని అక్కడే బిగించేశాను.

నన్ను ఎక్కువ మోసం చేసింది ఆ 'కొంచెం తగ్గడం'. ఈ ఇంజిన్‌లో డెల్కో కామ్‌షాఫ్ట్‌తోనే తిరుగుతుంది. కామ్‌షాఫ్ట్ తన స్థానం నుంచి జరిగి ఉంటే ప్లగ్గులో నిప్పు పడే సమయమూ దానితోపాటే జరుగుతుంది. డెల్కో తిప్పి నిప్పును మాత్రం సరిచేశాను. వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయం అలాగే తప్పుగా ఉండిపోయింది. అసలు రోగం లోపలే ఉంది, నేను దగ్గు తగ్గించాను.

ఆ మంగళవారం మన పెద్దమ్మగారిని డయాలసిస్‌కి దిల్‌సుఖ్‌నగర్ వైపు తీసుకెళ్లి తెస్తున్నాను. వారానికి రెండుసార్లు ఆ బండిలోనే కదా వెళ్లేది. తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్ దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్లు. నాలుగు గంటలు మిషిన్ మీద పడుకుని వచ్చిన మనిషి, కళ్లు కూడా సరిగా తెరవలేని మనిషి, నా భుజం తట్టి, "అయ్యగారూ, నేను దిగి ఆటో ఎక్కనా? బండికి బరువైతున్నట్టుంది" అంది.

ఆ మాటకు నా లోపల ఏదో తెగింది. తప్పు ఎవరిదో ఒకరిదని తేల్చకపోతే ఆ రాత్రి నిద్రపట్టేలా లేదు. తేల్చేశాను. హెడ్డు పని చేసిన ఉస్తాద్ వాల్వులు సరిగా కూర్చోబెట్టలేదు, డబ్బు తీసుకుని మోసం చేశాడు. ఏ పరీక్షా చేయలేదు. నా చేతులు తప్ప ఆ ఇంజిన్ మీద పడిన చేతులు అతనివే, అంతే నా సాక్ష్యం. ఆ మాట బుధవారం ప్రార్థన కూటం అయ్యాక నలుగురితో అన్నాను. ఆ నలుగురిలో రెండు ఆటోలున్న అన్న ఒకరు. ఆయన తన పని ఆ ఉస్తాద్‌కి ఇవ్వబోతున్నవాడు, మానుకుని వేరే చోటికి పోయాడు.

దూలమూ నలుసూ ఉపమానం మీద నేను ఈ సంఘంలోనే కనీసం మూడుసార్లు ప్రసంగించాను.

ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన మన సంఘపెద్ద ఒకాయన శుక్రవారం వచ్చారు. బండి చుట్టూ తిరగలేదు, ఏమీ ముట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని అడిగారు.

"అయ్యగారూ, ఇంజిన్ దింపకముందు ఈ మిస్సింగ్ ఉండెనా?"

"లేదు. హీటెక్కేది అంతే."

"మరి విప్పి కట్టినప్పుడు పుట్టింది. కట్టింది ఎవరు?"

నేను ఉస్తాద్ పేరు చెప్పబోయాను. ఆయన నా వైపే చూస్తున్నారు.

తర్వాత చేసిన పని గంటన్నర కూడా పట్టలేదు. ఇంట్లో బండి పని చేసుకునేవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి వివరంగా చెబుతాను. ముందు ఇంజిన్ స్లోలో నడుస్తుండగా రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూశారు. ఏ వైరు తీసినప్పుడు ఇంజిన్‌లో మార్పు రాదో ఆ సిలిండర్ పని చేయడం లేదన్నమాట. మూడు సిలిండర్ల బండిలో ఒకటి పడుకుంటే మూడో వంతు బలం పోయినట్టే, దాచినా దాగదు. మాకు ఏది తీసినా ఇంజిన్ ఒకేలా పడిపోయింది. అంటే మూడూ పనిచేస్తున్నాయి, మూడూ అరకొరగానే పనిచేస్తున్నాయి.

తర్వాత ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, కంప్రెషన్ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాం. 115, 110, 115. తక్కువే, కానీ మూడూ దాదాపు సమానం. ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. రింగులు లీకవుతుంటే ఆయిల్ ఆ సందు మూసి ముల్లు బాగా లేవాలి. పెద్దగా లేవలేదు. రింగులు కాదు.

అప్పుడు పెద్దాయన ఒక మాటన్నారు. "వాల్వు కూర్చోకపోతే ఒకదాంట్లో పోతది, మా అంటే రెండింట్లో. మూడింట్లో సమానంగా పోవాలంటే మూడింటికీ కలిసిన తప్పు కావాలె."

మూడింటికీ కలిసినది టైమింగ్ బెల్టు. కవరు విప్పి క్రాంక్ పుల్లీ గుర్తుకు గుర్తు కలిపి చూస్తే, పైన కామ్ పుల్లీ గుర్తు ఒక పన్ను వెనక ఉంది. ఒకే ఒక్క పన్ను. పిస్టన్ పైకి లేచి గాలిని నొక్కడం మొదలుపెట్టినా లోపలికి తీసుకునే వాల్వు ఇంకా మూసుకోవడం లేదు. నొక్కవలసిన గాలి కొంత వచ్చిన దారినే వెనక్కి పోతోంది. వేగంగా తిరిగేటప్పుడు గాలి ఊపు మీద ఉంటుంది కాబట్టి ఆ నష్టం తక్కువ, అందుకే హైవే మీద బాగుండేది. నేను దేన్ని చూసి ఇంజిన్ నిర్దోషి అనుకున్నానో, సరిగ్గా అదే దాని మీద సాక్ష్యం.

బెల్టు వేశాక టెన్షనర్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. అది నాకు తెలుసు. శనివారం రాత్రి ఆ రెండు చుట్లు తిప్పలేదు. బిగించేటప్పుడు బెల్టు జరిగింది, నేను చూడలేదు. రెండు నిమిషాల పని.

ఇప్పుడు మన సంఘం గురించి నాకున్న అభిప్రాయం ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మనం పరీక్షించకుండా పేరు పెట్టేస్తాం. ఎవరింట్లోనైనా ఏదైనా కుదురుగా నడవకపోతే మన దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు మూడు: సాతాను పోరాటం, ఆత్మీయ బలహీనత, లేకపోతే ఎవరో ఏదో చేశారు. సాతాను లేడని నేను అనడం లేదు. కానీ నా బెల్టు జరిపింది సాతాను కాదు. పోయిన ఏడాది ఒక సహోదరి వరసగా నాలుగు ఆదివారాలు రాకపోతే చల్లారిపోయిందన్నాం, వేరే సంఘానికి పోయిందన్నాం. ఆమె కోసం ఉపవాస ప్రార్థన కూడా పెట్టాం. ఇంటికెళ్లి అడిగింది ఐదో వారం. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో మామిడి సీజన్, ఆదివారం కూడా పని, మానేస్తే కూలి పోతుంది. ఉపవాసానికి ముందు గుమ్మం దాకా వెళ్లి ఉంటే సరిపోయేది.

సెమినరీలో యోబు గ్రంథం మీద పేపర్ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అతని స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతవరకు మంచివాళ్లే. నోరు తెరిచి కారణం చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. ఆదికాండం పద్దెనిమిదో అధ్యాయంలో సొదొమ మీద మొర వచ్చినప్పుడు అన్నీ తెలిసిన దేవుడే దిగి చూడడానికి సిద్ధపడ్డాడు. ఏమీ తెలియని నేను దిగలేదు, చూడలేదు, తీర్పు మాత్రం చెప్పేశాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ కోర్టు బోనులో నిలబడినవాళ్లకే అనుకుంటాం. ప్రార్థన కూటం అయ్యాక చెప్పులేసుకుంటూ మాట్లాడుకునే ఐదు నిమిషాలకు కూడా అది వర్తిస్తుంది.

ప్రతి తప్పూ మనదేనని ఒప్పేసుకోమని కూడా నేను చెప్పడం లేదు. అది ఇంకో రకం సోమరితనం. షాపుల్లో మోసం చేసేవాళ్లు ఉంటారు. గేజ్ పెడితే 115, 60, 115 అని వచ్చి, ఆయిల్ పోసినా ఆ 60 లేవకపోతే అప్పుడు హెడ్డు తీసుకెళ్లి ధైర్యంగా అడగవచ్చు. ముందు ఆఖరుసారి మన చెయ్యి పడిన చోటు చూడాలి. దానికి ఖర్చు ఉండదు. నేను మాత్రం ఖర్చైన దారిలోనే మొదలుపెట్టాను. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ డబ్బులు మీ కానుకల్లోంచి పోయినవే. అవి నా జీతంలోంచి తిరిగి కట్టాను, కోశాధికారిగారి దగ్గర రాసి ఉంది.

శనివారం బెల్టు సరిచేశాం, డెల్కో మళ్లీ దాని చోటికి తెచ్చాం. కంప్రెషన్ 165 దాకా లేచింది. సోమవారం ఆటోనగర్ వెళ్లాను. ఉస్తాద్‌కి నా మాటలు ముందే చేరాయి, ఇలాంటివి త్వరగా చేరతాయి. చేతిలో పని ఆపలేదు. "పాస్టర్ సాబ్, హెడ్డు ఇచ్చిన రోజు మీ పిలగాని ముందే పెట్రోల్ పోసి చూపించిన, ఒక్క చుక్క దిగలే. ఆ పిలగాన్నన్న అడుగుండ్రి గద" అన్నాడు. నిజమే. తమ్ముణ్ని నేను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు. మీరు చెబుతున్నారు కదా అయ్యగారూ అని ఊరుకున్నాడట.

క్షమించమని అడిగాను. చాయ్ తెప్పించాడు. క్షమించానని మాత్రం అనలేదు, నేనూ అనిపించుకోవాలని చూడలేదు. నేను మాట్లాడిన నలుగురిలో ముగ్గురి ఇళ్లకు వెళ్లి మాట వెనక్కి తీసుకున్నాను. రెండు ఆటోల అన్న విజయవాడ వైపు కిరాయికి వెళ్లి ఇంకా రాలేదు. ఇది అందరికంటే ముందు ఆయన ఫోనుకే పంపుతున్నాను.

పెద్దమ్మగారికి ఈ మంగళవారం యథాప్రకారం ఉదయం ఆరు గంటలకు బండి వస్తుంది.