బొమ్మను ఏమని పిలవాలి?

ఇంట్లో బొమ్మ ఉంది. ఆడుకునే బాబూ ఉన్నాడు. లేనిదల్లా ఆ బొమ్మను పిలవడానికి ఓ మాట!

1880ల్లో జెరూసలేంలోని ఎలియేజర్ బెన్ యెహూదా ఇంట్లో పరిస్థితి అది. ప్రార్థనలకూ గ్రంథాలకూ పరిమితమైన హీబ్రూను మళ్లీ ఇంటి భాషగా చేయాలన్నది ఆయన పట్టుదల. అందుకే 1882లో పుట్టిన కొడుకు చెవిన మరో భాష పడకుండా చూశాడు. సుమారు 1700 ఏళ్ల తర్వాత హీబ్రూ మాతృభాషగా పెరిగిన తొలి బిడ్డ అతడేనంటారు. తన భాషలో మాట్లాడే తోటిపిల్లలు లేక ఆ పసివాడు ఒంటరిగానే పెరిగాడు. పైగా, దేవుడితో మొరపెట్టుకోవడానికి హీబ్రూలో బోలెడు మాటలున్నాయి కానీ అమ్మను ఐస్‌క్రీం అడగడానికి లేవు!

మరి ఆ లోటు ఎలా తీరింది? పాత వేళ్ల నుంచే కొత్త చిగుళ్లు తొడిగించారు. 'మిలా' అంటే మాట. దాన్నుంచి నిఘంటువుకు 'మిలోన్' అన్న పేరు పెట్టాడు బెన్ యెహూదా. కాలాన్ని సూచించే 'ఎత్' నుంచి వార్తాపత్రికకు 'ఇతోన్' వచ్చింది. మంచుకు వాడే పాత మాటలోంచి ఐస్‌క్రీం 'గ్లీదా' అయింది. బొమ్మేమో 'బుబా' అయింది. చాలాకాలం తర్వాత వచ్చిన కంప్యూటర్‌కూ ఇదే పద్ధతిలో, ఆలోచించడం అనే అర్థమున్న ధాతువు నుంచి 'మహ్‌షెవ్' అని పేరు పెట్టారు.

కరెంటు కథ మరీ చిత్రం. బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథంలో ధగధగ మెరిసే ఓ పదార్థం పేరు 'హష్మల్'. ప్రాచీన గ్రీకు అనువాదంలో దాన్ని 'ఎలక్ట్రాన్' అన్నారు. 'ఎలక్ట్రిసిటీ' పుట్టిందీ ఆ గ్రీకు మాటలోంచే. ఆ చుట్టరికం పట్టుకుని, 19వ శతాబ్దపు కవి యెహూదా లైబ్ గోర్డన్ కరెంటుకు 'హష్మల్' అనే పేరు ఖాయం చేశాడు.

అన్ని మాటలూ నిలబడ్డాయా అంటే, లేదు. టమోటాకు 'అగ్వానియా' అన్న పేరు వచ్చినప్పుడు, అందులో మోహమనే అర్థం ధ్వనిస్తోందని బెన్ యెహూదా ఒప్పుకోలేదు. అరబిక్ నుంచి తీసుకున్న 'బదూరా'నే వాడాలన్నాడు. జనం వినలేదు. టెలిఫోన్‌కు హీబ్రూ పేరు పెట్టి చూశారు. అది 'టెలెఫోన్'గానే మిగిలింది.

1922లో బ్రిటిష్ పాలకులు ఇంగ్లిష్, అరబిక్‌లతో పాటు హీబ్రూనూ పాలస్తీనాలో అధికార భాషగా గుర్తించారు. అదే ఏడాది డిసెంబరులో బెన్ యెహూదా కన్నుమూశాడు. 1953లో ఏర్పాటైన హీబ్రూ భాషా అకాడమీ నేటికీ కొత్త మాటలు తయారుచేస్తూనే ఉంది.

మాటను పుట్టించేది పండితులే కావచ్చు. దాన్ని బతికించేది మాత్రం బజారులో బేరమాడే అమ్మలూ, బొమ్మ కోసం మారాం చేసే పిల్లలే. అందుకే, ఇజ్రాయెల్ కూరగాయల కొట్లో టమోటాలు ఇప్పటికీ 'అగ్వానియా' పేరుతోనే అమ్ముడవుతున్నాయి!