ఖాళీ నోటు మీద సంతకం

చదువుకో, పనికో ఏజెన్సీ నుంచి విజయవాడ దిగిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ మాట మీకే.

రాజకీయానికీ రౌడీయిజానికీ రహస్య బంధం అంటే ముసుగు మనుషులు, చీకటి ప్రమాణాలు అనుకుంటాం. వన్ టౌన్ లాంటి బజార్లలో అది ఒక ఖాళీ ప్రామిసరీ నోటు.

1988 డిసెంబర్ 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాని నరికి చంపిన ఊరు ఇది. కత్తులు తగ్గాయి, వడ్డీ పుస్తకాలు మిగిలాయి. 2015 డిసెంబర్‌లో కాల్‌మనీ బయటపడింది. అడిగినప్పుడు కట్టాలి, లేదంటే ఇల్లు రాసివ్వాలి. ఆడవాళ్లని లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులూ వచ్చాయి. అసెంబ్లీలో పార్టీలు "మీవాళ్లే" అంటే "మీవాళ్లే" అని అరుచుకున్నాయి. అప్పు పడ్డవాళ్ల గోడు ఆ అరుపుల్లో పోయింది.

గొలుసు చూడండి. వడ్డీవాడికి రౌడీ కావాలి. రౌడీకి కేసు పెట్టని స్టేషన్ కావాలి. స్టేషన్‌కి నాయకుడి ఫోన్ చాలు. నాయకుడికి ఎన్నికలప్పుడు డబ్బూ, మనుషులూ కావాలి. ఇందులో ఎవరూ ప్రమాణం చెయ్యక్కర్లేదు. ఎవరి అవసరం వాళ్లని కలుపుతుంది.

మనకిది కొత్త కాదు. 1879 రంప పితూరీ వెనకా మైదానం షావుకార్ల అప్పులున్నాయి. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చెయ్యకూడదని 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. కానీ కొండ దిగాక ఆ రక్షణ మన వెంట రాదు.

అందుకే ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. అంకె, తేదీ రాయించి ఫోటో తీసుకోండి. బెదిరిస్తే ఒంటరిగా స్టేషన్‌కి వెళ్లకండి, పదిమందిమి కలిసి వెళ్దాం. ఆ గొలుసు బతికేది మన మౌనం మీదే.

జై ఆదివాసీ!